హబుల్ నియమమా, హబుల్–లెమేత్ర్ నియమమా?

చుక్కలరాయుడు: మా పాప తెచ్చుకున్న ఫిజిక్స్ పుస్తకంలో ఇంకా ‘హబుల్ నియమం’ అనే ఉంది. గెలాక్సీ ఎంత దూరంగా ఉంటే అంత వేగంగా మననుంచి జరిగిపోతుందన్న సూత్రం అది. దాన్ని ‘హబుల్–లెమేత్ర్ నియమం’ అనాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం 2018లో ఓటింగ్ పెడితే 78 శాతం మంది సరేనన్నారు. బెల్జియం ఫాదర్ జార్జ్ లెమేత్ర్ 1927లోనే లెక్కగట్టాడు. అమెరికా ఖగోళవేత్త హబుల్ పేపర్ 1929ది. ముందొచ్చినవాడు తోకెలా అయ్యాడు?

పాతమాస్టారు: లెక్కగట్టడం వేరు, కొలవడం వేరు. లెమేత్ర్ వాడిన దూరాలు కూడా హబుల్ కొలతల మీద ఆధారపడ్డవే.

చుక్కలరాయుడు: వేగాల మాటేమిటి మాస్టారూ? హబుల్ వాడినవి చాలావరకు అమెరికా ఖగోళవేత్త స్లైఫర్‌వి. 1929 పేపర్లో స్లైఫర్ పేరే లేదు!

గాలిపటం: లెమేత్ర్‌కి వచ్చిన లెక్క, ప్రతి మెగాపార్సెక్ దూరానికి (దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) సెకనుకి 625 కి.మీ. వేగం, హబుల్‌కి 500. ఇప్పుడు 70 దరిదాపుల్లో ఉంది. ఇద్దరూ తప్పే. ఇక పేరుకోసం గొడవెందుకు :)

పాతమాస్టారు: ఒక్కటి అడుగుతా, దాటవేయకండి. 1931లో లెమేత్ర్ పేపర్ ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఆ లెక్క ఉన్న భాగం లేదు. ఎవరో కుట్ర చేశారన్నారు. అనువదించిందీ, తీసేసిందీ లెమేత్రేనని ఖగోళ శాస్త్రవేత్త మారియో లివియో 2011లో ఉత్తరంతో సహా చూపించాడు. తానే వద్దనుకున్న పేరు మనం అంటించడమేంటి?

చుక్కలరాయుడు: అప్పటికి మెరుగైన కొలతలు వచ్చాయని పాతవి తీసేశాడు, హక్కు వదులుకోలేదు. మీకు తెలీదు ఆ బాధ. నా పీహెచ్‌డీలో రాత్రుళ్లు కూర్చుని గీసిన గ్రాఫులు ఇంకొకరి పేరుతో అచ్చయ్యాయి. నా పేరు కృతజ్ఞతల్లో చివర, అదీ ఇనిషియల్ తప్పుతో.

పాతమాస్టారు: మీ గైడ్ మీద కోపం హబుల్ మీద చూపిస్తే ఎలాగండీ? లెమేత్ర్ ఫ్రెంచిలో, బ్రస్సెల్స్‌లో ఎవరూ చదవని పత్రికలో వేసుకున్నాడు. తప్పెవరిది?

చుక్కలరాయుడు: ఎవరూ చదవలేదా? ఐన్‌స్టీన్ చదివాడు! లెక్కలు సరే, ఫిజిక్స్ మాత్రం అసహ్యంగా ఉందని 1927లో మొహం మీదే అన్నాడు. ఇంగ్లీషులో లేనిది అసలు లేనట్టే అంటారు, అంతేగా? తెలుగులో సైన్స్ చెప్పిన మీరేనా ఈ మాట అనేది?

గాలిపటం: మెల్లగా బ్రదర్...

పాతమాస్టారు: నేనే. ముప్పై ఏళ్లు చెప్పాను కాబట్టే అంటున్నాను. ‘వక్రీభవనం’ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే కుర్రాడు ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో చేరాడు. ‘రిఫ్రాక్షన్ అంటే ఏంట్రా’ అని లెక్చరర్ అడిగితే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడట. సెలవులకొచ్చి నా దగ్గర ఏడ్చాడు. లేనట్టే బాబూ. అదేదో నాకు సంతోషమైనట్టు మాట్లాడకండి.

చుక్కలరాయుడు: అయితే ఆ కుర్రాడి వైపు నిలబడాల్సింది పోయి, ఆ లెక్చరర్ వైపు మాట్లాడుతున్నారే!

గాలిపటం: ఇంతకీ ‘లెమేత్ర్’ అని పలకాలా, ‘లెమైటర్’ అనా? ఫ్రెంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.