పికార్డ్ తర్వాత 'లెగసీ' వస్తుందా? లేక ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: సెవెన్‌_అభిమాని (విజయవాడ)

స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష సిరీస్‌ల పిచ్చి నాకు చాలా ఆలస్యంగా పట్టింది. నెక్స్ట్ జనరేషన్‌తో మొదలుపెట్టి, వాయేజర్ మీదుగా వచ్చి, మొన్ననే పికార్డ్ మూడో సీజన్ ముగించాను. ఆ చివరి ఎపిసోడ్ చూశాక నిద్ర పడితే ఒట్టు.

చూసినవాళ్లకి తెలుసు. టైటాన్ ఓడకి పేరు మార్చి ఎంటర్‌ప్రైజ్-జి చేశారు. వాయేజర్‌లోని సెవెన్ కెప్టెన్ కుర్చీలో కూర్చుంది. పక్కన రాఫీ, ఇంకో పక్క పికార్డ్ కొడుకు జాక్ క్రషర్, ముందు సిడ్నీ లాఫోర్జ్. ఓడ బయల్దేరడానికి ప్రతి కెప్టెన్‌కీ ఒక మాట ఉంటుంది కదా, సెవెన్ మాట ఏమిటో అని అందరూ ఆమె మొహంలోకి చూస్తుంటే ఆమె నోరు తెరిచే లోపు సీన్ కట్! అది చాలదన్నట్టు క్రెడిట్స్ అయ్యాక సర్వశక్తులున్న క్యూ ప్రత్యక్షమై, నీ విచారణ ఇప్పుడే మొదలైందని జాక్‌కి చెప్పి పోతాడు.

ఇదంతా 2023 ఏప్రిల్ నాటి మాట. 'లెగసీ' పేరుతో సెవెన్ ఓడ కథతో కొత్త సిరీస్ తీయాలని ఉందని పికార్డ్ మూడో సీజన్ నడిపించిన టెర్రీ మటాలస్ అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాడు, అభిమానులు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఆయన మార్వెల్ వాళ్ల విజన్ సిరీస్‌కి వెళ్లిపోయాడు. ఇంతకీ వస్తుందా, రాదా? ఇంకేమైనా స్పిన్-ఆఫ్‌ల మీద ఆశ పెట్టుకోవచ్చా? 'సెక్షన్ 31' సినిమా చూశాను, దాని ఊసు మాత్రం ఎత్తకండి.

జవాబు: ప్లైవుడ్_మేస్త్రి (హైదరాబాద్)

అమ్మా, నేను సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషిని. కార్పెంటర్‌గా చేరి ఇప్పుడు సెట్ వర్క్ చూసుకుంటున్నాను. అందుకని మీరు సెవెన్ మొహం చూస్తుంటే నా కళ్లు ఆమె వెనకాల ఉన్న గోడ మీద ఉన్నాయి. ఆ బ్రిడ్జ్, అంటే ఓడ నడిపే గది, రెండో సీజన్‌లో స్టార్‌గేజర్ ఓడది. రంగూ లైట్లూ మార్చి మూడో సీజన్‌లో టైటాన్ చేశారు. చివర్లో బోర్డు మార్చి ఎంటర్‌ప్రైజ్-జి. ఒకే సెట్టు, మూడు ఓడలు. మన దగ్గర ఒకే బంగళా సెట్‌ని విలన్ ఇల్లుగానూ ఆస్పత్రిగానూ తీయడం లేదూ, అంతే.

స్టార్ ట్రెక్‌లో ఏది వస్తుంది, ఏది రాదు అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: సెట్ నిలబడి ఉందా?

1977లో పారమౌంట్ వాళ్లు సొంత టీవీ నెట్‌వర్క్ పెడదామనుకున్నారు. దానికి మొదటి ఆకర్షణగా 1960ల నాటి మొదటి సిరీస్‌లోని కెప్టెన్ కిర్క్ బృందంతోనే 'ఫేజ్ టూ' అని కొత్త సిరీస్. కథలు రాయించారు, నటుల్ని తీసుకున్నారు, పారమౌంట్ స్టేజీల్లో సెట్లు వేయడం మొదలుపెట్టారు. నెట్‌వర్క్ ఆలోచన మధ్యలోనే పోయింది. ఈలోగా అంతరిక్షం సినిమాలు బాక్సాఫీస్ బద్దలు కొడుతున్నాయి. సరే, సిరీస్ వద్దు సినిమా తీద్దాం అన్నారు. 1979లో వచ్చిన 'మోషన్ పిక్చర్' అదే. ఆ సిరీస్ కోసం వేసిన కారిడార్లూ, ఇంజిన్ రూమూ పీకి పారేయలేదు. వాటికే మెరుగులు దిద్ది సినిమాకి వాడారు. తర్వాతి సినిమాలకీ అవే. 1987లో నెక్స్ట్ జనరేషన్ మొదలైతే దానికీ అవే, గోడల తీరు మార్చి. 1995లో వాయేజర్ వచ్చింది, మళ్లీ అదే చోటు. రాని సిరీస్ కోసం కొట్టిన మేకులు 2001 దాకా పనిచేశాయి! ఈ మాట మా కుర్రాళ్లకి చెబితే నమ్మరు.

ఆ 'మోషన్ పిక్చర్'లో ఇంజిన్ రూమ్ ఒకసారి మళ్లీ చూడండి. వెనక్కి ఎంతో దూరం పోయినట్టుంటుంది. నిజానికి అంత చోటు లేదు. వెనక్కి వెళ్లేకొద్దీ సెట్ కొలతలు తగ్గించుకుంటూ పోయి, ఆ చివర పొట్టివాళ్లనీ పిల్లల్నీ యూనిఫాం వేసి నిలబెట్టారు. కెమెరాకి వాళ్లు దూరంగా ఉన్న పెద్దవాళ్లు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో మన స్టూడియోల్లోనూ ఈ కిటుకు వాడేవాళ్లు. వేయడం సులువే, లైటింగ్ చేసేవాడికే చచ్చే చావు.

గోడలే కాదు, కాగితాలూ మిగిలాయి. ఫేజ్ టూలో డెక్కర్ అనే కుర్ర ఆఫీసరు, వాడి పాత ప్రేయసి ఐలియా ఉన్నారు. ఐలియాగా సిరీస్‌కే ఎంపికై, సినిమాలో గుండు చేయించుకుని నటించింది మన బొంబాయి అమ్మాయి పెర్సిస్ ఖంబాటా, 1965 మిస్ ఇండియా. ఆ జంట లెక్కనే తర్వాత నెక్స్ట్ జనరేషన్‌లో రైకర్, ట్రాయ్ చేశారు. 1988లో అమెరికాలో రచయితల సమ్మె వచ్చినప్పుడు నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌కి ఫేజ్ టూ కథనే బయటికి తీశారు.

ఇక మీ లెగసీ. పికార్డ్ షూటింగ్ కాలిఫోర్నియాలో. రెండు, మూడు సీజన్లు వరసపెట్టి తీసి 2022లోనే ముగించేశారు. మూడో సీజన్ చివరికొచ్చేసరికి పాత ఎంటర్‌ప్రైజ్-డి బ్రిడ్జ్‌ని కార్పెట్‌తో సహా మళ్లీ కట్టారు. పికార్డ్ ఆ కార్పెట్ గురించి ఒక మాట కూడా అంటాడు, ఆ డైలాగుకి థియేటర్లో అయితే నేను లేచి ఈల వేసేవాణ్ణి. కానీ కొత్త సిరీస్‌కి ఆర్డర్ చేతికి రాకుండా ఏళ్ల తరబడి ఫ్లోర్ అద్దె కట్టి సెట్ నిలబెట్టే నిర్మాత ఏ దేశంలోనూ ఉండడు. ఇప్పుడు లెగసీ తీయాలంటే మొదటి మేకు నుంచి మొదలు. ఆ పేరుతో, ఆ రూపంలో రాదనే నా లెక్క.

వస్తే గిస్తే రావలసింది 'ఇయర్ వన్'. కిర్క్ కంటే ముందు ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ అయిన పైక్ కథ 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'ని ఐదో సీజన్‌తో ఆపేస్తున్నారు, అందులో ఆరే ఎపిసోడ్లు. ఆ తర్వాత కిర్క్ కెప్టెన్ అయిన మొదటి ఏడాది మీద సిరీస్ తీయాలని ఆ సిరీస్ నడిపే అకీవా గోల్డ్స్‌మన్ బహిరంగంగానే చెబుతున్నాడు. కిర్క్‌గా పాల్ వెస్లీ ఉన్నాడు, స్పాక్‌గా ఈథన్ పెక్ ఉన్నాడు. ఎంటర్‌ప్రైజ్ లోపలిదంతా టొరంటోలో కట్టిందే. కెప్టెన్ మారితే ఓడ మార్చక్కర్లేదు కదా. దాన్ని పీకే లోపు సంతకం పడిందా, వస్తుంది. పీకాక అడిగారా, లెగసీ పక్కనే దాన్నీ కూర్చోబెట్టుకోండి.

జవాబు: డీఎస్9_దిల్‌సుఖ్‌నగర్

మేస్త్రిగారూ, మీ మాట వినసొంపుగా ఉంది గానీ గోడలతోనే సిరీస్‌లు పుడితే డీప్ స్పేస్ నైన్ (డీఎస్9) సిరీస్ పుట్టేదే కాదు. 1993లో దానికి అన్నీ కొత్త సెట్లే. ఓడ కూడా కాదు, కార్డాసియన్లనే గ్రహాంతరవాసులు కట్టిన స్టేషను. రెండంతస్తుల ప్రొమెనేడ్ బజారు, క్వార్క్ బార్, ఆప్స్ అనే కంట్రోల్ గది. నెక్స్ట్ జనరేషన్ ఇంటి నుంచి తెచ్చుకున్నది ప్రధానంగా ఒక్క ఓబ్రయన్‌ని. వర్ఫ్ అయితే నాలుగో సీజన్‌కి గానీ రాలేదు.

నేను చూసేది దుకాణం. ఫేజ్ టూ ఎవరి కోసం? కొత్త నెట్‌వర్క్ కోసం. వాయేజర్? 1995 జనవరిలో యూపీఎన్ ఛానెల్ ప్రారంభమైందే దాంతో. 2017లో డిస్కవరీ? సీబీఎస్ ఆల్ యాక్సెస్ అనే స్ట్రీమింగ్ సర్వీసుకి చందాదారుల్ని లాగడానికి. యజమాని కొత్త షట్టర్ ఎత్తిన ప్రతిసారీ గుమ్మంలో నిలబెట్టేది స్టార్ ట్రెక్‌నే. 2025 ఆగస్టులో పారమౌంట్, స్కైడాన్స్ కలిసిపోయాయి. కొత్త యజమానికి ఏం అమ్మాలనుంటే అది వస్తుంది. మన సంతకాలు ఎవరు చూస్తారు?

అయినా సంతకాలకి అసలు విలువ లేదనను. 1968లో అభిమానుల ఉత్తరాల వల్లే మొదటి సిరీస్‌కి మూడో సీజన్ దక్కిందంటారు. డిస్కవరీ రెండో సీజన్‌లో పైక్‌ని చూసి జనం వదలకుండా అడిగారు కాబట్టే 2020 మేలో స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ ప్రకటించారు.

జవాబు: ట్రిబుల్_టొరంటో

ఇద్దరూ పెద్దవాళ్లు, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ మిసిసాగాలో ఉంటాను, ఈ సిరీస్‌లలో చాలావాటికి షూటింగ్ ఈ ఊరి చుట్టుపక్కలే. స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్‌లో కొన్ని గ్రహాలు గోడంత ఎల్ఈడీ తెర మీద కనిపించేవే. మేస్త్రిగారికి ఇది నచ్చదేమో, ప్లైవుడ్ ఖర్చు ఉండదు మరి!

సెక్షన్ 31 ఊసెత్తొద్దన్నారు కానీ అడిగిన ప్రశ్నకి అసలైన జవాబు అక్కడే ఉంది. 2019లో మిషెల్ యో కథానాయికగా సిరీస్ అని ప్రకటించారు. కోవిడ్ వచ్చింది, 2023లో ఆమెకి ఆస్కార్ వచ్చింది, చివరికి 2025 జనవరిలో వచ్చింది సిరీస్ కాదు, గంటన్నర పైచిలుకు సినిమా. ప్రకటించినా వచ్చేది ప్రకటించిన రూపంలో వస్తుందన్న గ్యారంటీ లేదు. నటి టానీ న్యూసమ్ కామెడీ సిరీస్ సంగతి కూడా 2024 కామిక్-కాన్ అభిమానుల మేళాలో చెప్పారు. నేను దాని కోసం చూస్తున్నాను గానీ టికెట్ కొని కూర్చోలేదు.

పాత్రలు మాత్రం ఎక్కడో ఒకచోట తేలుతున్నాయి. లోయర్ డెక్స్ కార్టూన్‌లో ఉన్న బోయిమ్లర్, మారినర్ 2023లో నిజం మనుషులై పైక్ ఓడలోకి వచ్చారు. వాయేజర్ డాక్టర్ వందల ఏళ్ల తర్వాత స్టార్‌ఫ్లీట్ అకాడమీలో పాఠాలు చెబుతున్నాడు. సెవెన్ రాకూడదని ఏముంది?

సెవెన్‌_అభిమాని

అంటే సెవెన్ వేరే ఎవరి ఇంటికో చుట్టంచూపుగా వస్తే చూసి సంతోషించాలా? మేస్త్రిగారూ, డీఎస్9 గారి మాటకి మీరేమంటారు? ఇంకొకటి, ప్రాడిజీ పిల్లల కార్టూన్ కదా అని వదిలేశాను. చూడాలా?

ప్లైవుడ్_మేస్త్రి

డీఎస్9 కొత్త గోడలే, కాదనను. కానీ ఆ గోడలకి డబ్బెక్కడిది? పక్క ఫ్లోర్‌లో నెక్స్ట్ జనరేషన్ ఇంకా నడుస్తూ సంపాదిస్తోంది. డిజైన్ చేసిన హెర్మన్ జిమ్మర్‌మన్ నెక్స్ట్ జనరేషన్ మొదటి సీజన్ చేసినవాడే. తెరల మీది బొమ్మలు గీసిన ఒకూడా రెండింటికీ ఒకడే. గోడలు కొత్తవైనా కొట్టిన చేతులు పాతవి. పికార్డ్ అయిపోయినప్పుడు ఆ పక్కన నడుస్తున్నది ఏదీ లేదు, పనివాళ్లంతా తలోదిక్కు పోయారు. యజమాని లెక్క మీది సరైనదే, అయితే యజమాని కూడా చివరికి అడిగేది నన్నే, ఎన్నాళ్లలో కడతావు, ఎంతవుతుంది అని.

ఎల్ఈడీ గోడ మీద నాకు కోపం లేదు టొరంటో బాబూ. దాని ముందు నిలబెట్టే బండరాళ్లు ఇంకా మా వాళ్లే చేస్తున్నారు.

అమ్మా, చుట్టంచూపు అని చిన్నబుచ్చుకోకండి. 1968లో మొదటి సిరీస్ రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌ని వేరే సిరీస్‌కి విత్తనంగా వేశారు. గ్యారీ సెవెన్ అని (మీ సెవెన్ కాదు) ఒక మనిషి, భూమిని రహస్యంగా కాపాడుతుంటాడు. ఆ ఎపిసోడ్‌లో కిర్క్, స్పాక్ దాదాపు ప్రేక్షకులే, కథంతా వాడిదే. ఏ ఛానెలూ కొనలేదు, అక్కడితో సరి. మీరు పికార్డ్ రెండో సీజన్‌లో చూసిన వాడిలాగే రహస్యంగా కాపలా కాసే టాలిన్, ఆ పర్యవేక్షకుల సంగతి అంతా వాడి వారసత్వమే. 2022లో. యాభై నాలుగేళ్లు పట్టింది. లెగసీకి అంత పట్టకూడదనే నా కోరిక, నాకూ వయసైపోతోంది.

ప్రాడిజీ తప్పకుండా చూడండి. పారమౌంట్ ప్లస్ 2023లో మధ్యలో తీసేస్తే నెట్‌ఫ్లిక్స్ తీసుకుని 2024 జులైలో రెండో సీజన్ ఇరవై ఎపిసోడ్లూ ఒకేసారి వదిలింది. కార్టూన్ కాబట్టి నేను కొలవడానికి గోడలు లేవు, అందుకని నోరు మూసుకుని కథే చూశాను. మొదటి నాలుగైదు ఎపిసోడ్లు పిల్లల గోలలా ఉంటాయి, ఓపిక పట్టండి. రెండో సీజన్‌లో జేన్‌వే, చకోటే, డాక్టర్ ముగ్గురూ ఉన్నారు, మీ వాయేజర్ వాళ్లే. ఆఖరి ఎపిసోడ్‌లో నెక్స్ట్ జనరేషన్‌లోని వెస్లీ క్రషర్ వాళ్లమ్మ దగ్గరికి వెళతాడు. అక్కడ ఒక చిన్నపిల్లాణ్ణి చూపించి నీ తమ్ముడని చెబుతుంది. పేరు జాక్.