నిండుచోన్ / నిండుచున్: ఇంతకీ సూర్యుడు సున్నా దాకా వచ్చాడా?

లెక్కలపిచ్చి: [0, 1] అంతరం (0, 1 రెండు కొసలూ కలిసిన సంవృతాంతరం) గురించి రాసుకుంటుంటే, పోతన భాగవతంలో వామనుడు (వటుడు) పెరిగేటప్పటి "రవిబింబంబుపమింప" పద్యం పట్టుకుని వదలడం లేదు. అందులో సూర్యబింబం వటుడికి వరసగా ఛత్రం (గొడుగు), శిరోరత్నం, చెవి నగ, కంఠాభరణం, కేయూరం, కంకణం, కటిస్థలిలో (నడుము దగ్గర) గంట, అందె, చివరికి పదపీఠం అవుతుంది. చివర "బ్రహ్మాండముం నిండుచోన్" అనా, "నిండుచున్" అనా? వటుడి ఎత్తు ఎంత పెరిగినా దాన్నే 1 అనుకోండి. సూర్యుడు శిరోరత్నమైనప్పుడు 1, పదపీఠమైనప్పుడు 0. ఇంకా నిండుతూనే ఉంటే 0 చేరనట్టే కదా?

మత్తేభం: చోన్, అంటే నిండేటప్పుడు. చున్ పెట్టినా గణం చెడదు, చివర గురువే. కానీ శత్రర్థకానికి (చున్ లాంటి "చేస్తూ" అనే రూపానికి), దాని తర్వాతి క్రియకి కర్త ఒక్కడే ఉండాలి. నిండేది వటుడు, "పాత్రమగు" అనేది రవిబింబానికి.

పాతగొంతు: మా తాతగారు చున్ అనే చదివేవారు, వినడానికి అదే హాయి.

మత్తేభం: హాయి వేరు, అన్వయం వేరండీ.

అనంతం: ఏదైనా 0 రాదు. సూర్యుడి ఎత్తుని వటుడి ఎత్తుతో భాగిస్తే ఎంత చిన్నదైనా సున్నా కాదు. కాబట్టి (0, 1], అంటే 1 ఉంది, 0 లేదు. సున్నా కూడా కావాలంటే అనంతాన్ని ఒక బిందువుగా తెచ్చి అతికించాలి, అప్పుడే అది సంవృతాంతరం.

లెక్కలపిచ్చి: మరి ఛత్రం? అది 1 దాటేసింది.

మత్తేభం: "ఉపమింప" (పోల్చి చెప్పాలంటే) అన్నాడు మహానుభావుడు పోతన, స్కేలు పెట్టి కొలవమనలేదు.

మణికట్టు: ఛత్రం సరే, కంకణం తర్వాత కటిస్థలి ఎలా వస్తుంది? చేతులు వేలాడేస్తే మణికట్టు నడుముకన్నా కిందికి దిగుతుంది. అవరోహణ క్రమం చెడింది. నా లెక్కలో, దానధార పట్టిన చెయ్యి ఇంకా మడిచే ఉంది!

అనంతం: 0–1 గీతలో ఎన్ని బిందువులో చదరంలోనూ అన్నే అని తేలాక గణితవేత్త కాంటర్ 1877లో తోటి గణితవేత్త డెడెకిండ్‌కి "కనిపిస్తోంది గానీ నమ్మలేకున్నాను" అని రాశాడు. బలిచక్రవర్తిదీ అదే అవస్థ.

పాతగొంతు: ఉత్తరం జర్మన్‌లో, ఆ ఒక్క మాట మాత్రం ఫ్రెంచిలో. అదీ చెప్పండి.

లెక్కలపిచ్చి: పోనీ, వటుడు పెరిగే "ఇంతింతై" పద్యంలో "బ్రహ్మాండాంత సంవర్ధి" ఉందిగా. అంతం దాకానా, అంతంతో సహానా?

మత్తేభం: వనాంతం అంటే అడవి చివరే అక్కర్లేదు, అడవి లోపల అని కూడా. అలా తీసుకుంటే మీ వివృతాంతరమే (కొసలు కలవనిది).

అనంతం: అలా లాగితే ఏ అంతరమైనా వివృతమే అవుతుంది.

లెక్కలపిచ్చి: మణికట్టు గారూ, ధార పట్టింది కుడిచెయ్యి. ఎడమచేతి మాటేమిటి?

మణికట్టు: "గొడుగో జన్నిదమో" అని వటుడే అన్నాడుగా. గొడుగు పట్టుకున్న చెయ్యి వేలాడుతుందా?