మందారంలో పికిలిపిట్ట గూడు, అదే మొక్కకి పిండినల్లి: ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారమండీ. మాది హైదరాబాద్, డాబా మీద మిద్దెతోట. ముద్దమందారం కొమ్మల్లో పికిలిపిట్ట గూడు కట్టింది. లేత గులాబీ రంగు గుడ్లు మూడున్నాయి, వాటినిండా ముదురు ఎర్ర మచ్చలు. పక్షి రోజంతా పొదుగుతూనే ఉంది.

ఇబ్బందల్లా ఆ మొక్కకే పిండినల్లి పట్టడం. మొగ్గల మొదళ్లలో దూదిలా తెల్లగా పేరుకుపోయింది, ఆకులు ముడుచుకుపోతున్నాయి. మామూలుగా అయితే వేపనూనెలో కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టేదాన్ని. ఇప్పుడు ఆ తుంపర గుడ్ల మీద పడుతుందేమోనని చేతులు రావట్లేదు. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి దాదాపు మరో రెండు వారాలు పడుతుంది కదా, అప్పటిదాకా మొక్క ఆగుతుందా? గూటికి దూరంగా ఉన్న కొమ్మల్ని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుందా? పురుగు పట్టిన చివుళ్లు కత్తిరిస్తే గూటికి నీడ పోతుందని భయం.

ఇంకోటి, మధ్యాహ్నం ఎండ నేరుగా గూటి మీదే పడుతోంది. కుండీని కదపను. పైన గ్రీన్ నెట్ కడితే తల్లి బెదిరి గుడ్లు వదిలేస్తుందా? కట్టొచ్చంటే ఎంత ఎత్తులో, ఏ వేళలో కట్టాలి? ఇలా గూడున్న మొక్కని కాపాడుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. మొక్క పోయినా మళ్లీ నాటుకుంటాను, పిల్లలు మాత్రం క్షేమంగా ఎగరాలి.