చిన్న సొసైటీకి గ్రాంట్ ఎవరిస్తారు?

గుంటూరు_ట్యూషన్:
మిర్చి తొడిమలు తీసే కూలీల పిల్లలకి, పక్కనే ఉన్న యానాది కాలనీ పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పిస్తున్నాం. సొసైటీ రిజిస్టరై ఏడాది దాటింది, అంతా చందాల మీదే. టీచర్ జీతానికి, పుస్తకాలకి లక్ష లోపు కావాలి. ఒక కంపెనీవాళ్లు సీఎస్ఆర్-1 ఉందా అని అడిగి ఫోన్ పెట్టేశారు. ఏంటండీ అది?

బెజవాడ_ఆడిటర్:
కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే రిజిస్ట్రేషన్. 2021 ఏప్రిల్ నుంచి అది లేని సంస్థకి సీఎస్ఆర్ (కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే ఖర్చు) పని అప్పగించడానికి వీల్లేదు. ముందు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (చందా ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) రావాలి, పైగా మూడేళ్ల పని రికార్డు అడుగుతారు, కాబట్టి ఇప్పుడు కంపెనీల చుట్టూ తిరిగితే చెప్పులు అరగడమే. ఆ రెండూ పెట్టుకుని ఊళ్లో వ్యాపారుల్ని అడగండి. చందా మీద ఆ పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, రెండు వేలు దాటితే నగదు వద్దు, చెక్కో యూపీఐనో.

గుంటూరు_ట్యూషన్:
అమెరికాలో మా బావగారు పంపుతానంటున్నారు, తీసుకోవచ్చా?

కృష్ణలంక_వాలంటీర్:
ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాలు తీసుకోడానికి కేంద్రం ఇచ్చే లైసెన్సు) లేకుండా రూపాయి ముట్టుకోకండి. ఆ లైసెన్సున్న వేరే సంస్థ ద్వారా తెప్పించుకుందామన్నా 2020 సవరణతో ఆ దారీ మూసేశారు. ఇంకోటి, దాతలకిచ్చే బడ్జెట్‌లో టీచర్ జీతాన్ని 'ఇతర ఖర్చులు'లో కలిపేయొద్దు, అనుమానం వచ్చేది అక్కడే. హాజరు పట్టీ ఒక పేజీ జత చేయండి, ఫొటోల కన్నా అదే నయం.