బడి వేళలో బైబిల్ క్లాసు: ఒహాయోలో ఉన్నవాళ్ళు ఏమంటారు?

కొలంబస్ అమ్మ:
మా పాప పబ్లిక్ స్కూల్లో మూడో తరగతి. బుధవారం లైబ్రరీ పీరియడ్‌కి, పిల్లల్ని బైబిల్ క్లాసుకి తీసుకెళ్ళడానికి చర్చి బస్సొస్తుంది. 22 మందిలో 14 మంది ఎక్కేస్తారు. మిగిలిన 8 మందికి లైబ్రరీ కూడా ఉండదు, కలరింగ్ షీట్లు ఇచ్చి కూర్చోబెడతారు. వెళ్ళినవాళ్ళు చాక్లెట్లతో తిరిగొస్తారు. "మనమెందుకు వెళ్ళం?" అని ఇంట్లో ఒకటే పోరు. బడి వేళలో ఇదేంటండీ?

డేటన్ నాన్న:
చట్టప్రకారం తప్పులేదండీ. 1948లో ఇల్లినాయిస్ మెక్‌కాలమ్ కేసులో, బడి గదుల్లో మతపాఠాలు కుదరవంది సుప్రీంకోర్టు. 1952లో న్యూయార్క్ జోరాక్ కేసులో మాత్రం 6-3తో సరేనంది: బడి బయట జరగాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి, సర్కారు డబ్బు పడకూడదు. ఒహాయోలో ఇదివరకు స్కూల్ డిస్ట్రిక్టు (ఆ ప్రాంతం బడుల్ని నడిపే బోర్డు) ఇష్టం. 2025లో వచ్చిన చట్టంతో అనుమతించి తీరాలి. ముఖ్యమైన సబ్జెక్టులు మాత్రం పోకూడదు, అందుకే లైబ్రరీ పీరియడ్ మీద పడ్డారు. మన పిల్లలకి ఆదివారం హిందూ ధర్మం నేర్పే బాలవిహార్ వాళ్ళూ అడగొచ్చుగా?

సిన్సినాటి:
అడగొచ్చు. బుధవారం మధ్యాహ్నం బస్సు ఎవరు నడుపుతారు? మనవాళ్ళందరూ ఆ టైముకి ఆఫీసు కాల్స్‌లో ఉంటారు. ఆదివారం బాలవిహార్‌కే సగం మంది లేటు! హక్కు అందరిదీ, బస్సు వాళ్ళదే.

సాల్ట్ లేక్ బాబాయ్:
మా యూటాలో ఇది 1912 నుంచీ ఉంది. గ్రానైట్ హైస్కూల్ పక్కన మార్మన్లు (ఇక్కడి ఒక చర్చి వాళ్ళు) సెమినరీ, అంటే హైస్కూలు పిల్లలకి మతపాఠాల క్లాసు, మొదలుపెట్టారు. మావాడు ఆ పీరియడ్‌లో కంప్యూటర్ క్లాసు తీసుకున్నాడు. హైస్కూల్లో ఎవరి టైంటేబుల్ వాళ్ళది కాబట్టి ఎవరెటు పోయారో ఎవరికీ పట్టదు. మూడో తరగతిలో అలా కాదమ్మా.

కొలంబస్ అమ్మ:
నా బాధ అదే బాబాయ్ గారూ. బైబిల్ మీద నాకేం కోపం లేదు. గుంటూరులో మిషన్ స్కూల్లోనే చదివా, ప్రేయర్ ఇప్పటికీ నోటికొచ్చు. కాకపోతే అది మా నాన్న తెలిసి, ఫీజు కట్టి చేర్పించిన బడి. జోరాక్ తీర్పుతో విభేదించిన జడ్జి జాక్సన్, చర్చికి వెళ్ళని పిల్లలకి బడి తాత్కాలిక జైలవుతుందన్నాడు. జైలని నేననను. కానీ సగానికి పైగా లేనప్పుడు కొత్తది చెబితే మళ్ళీ చెప్పాలంటుంది టీచర్. ఆమె బాధ ఆమెది. సంతకం పెట్టనందుకు మా పిల్లకి చదువు ఆగుతోంది.

డేటన్ నాన్న:
అయితే బస్సు ఆపమని అడిగి లాభం లేదు. ఉన్న 8 మందికీ లైబ్రరీ తెరవమని అడుగుదాం. బోర్డు మీటింగ్‌లో మాట్లాడనిస్తారు. నేనొస్తా.

సిన్సినాటి:
నేనూ వస్తా. ఒక మాట దాచాను, తిట్టకండి. మావాడు పోయినేడాది నుంచీ ఆ బస్సు ఎక్కుతున్నాడు. స్నేహితులంతా వెళ్తున్నారని ఏడిస్తే సంతకం నేనే పెట్టా. వాళ్ళమ్మమ్మకి ఇంకా చెప్పలేదు.