అమెరికా చేజారింది శాండ్విచ్ ప్రభువు వల్లేనా?

పాతపటం: నాలుగో శాండ్విచ్ ప్రభువు జాన్ మాంటేగ్యు పేరు చెబితే అందరికీ రొట్టెముక్కలే గుర్తొస్తాయి. నాకు మాత్రం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ ఓడిన యార్క్‌టౌన్ గుర్తొస్తుంది. 1771 నుంచి 1782 దాకా బ్రిటన్ నౌకాదళం ఆయన చేతిలోనే ఉంది. 1781 సెప్టెంబరు 5న అమెరికా తీరంలోని చెసపీక్ అఖాతం ముందు దారి మూసిన ఫ్రెంచి ఓడలను బ్రిటన్ నౌకలు కదిలించలేకపోయాయి. సముద్రం నుంచి సాయం అందక అక్టోబరు 19న అక్కడి బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ లొంగిపోయాడు (తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చినవాడే). ఆ మంత్రిని అసమర్థుడనక ఏమనాలి?

లంగరు: తొందరపడుతున్నారండీ. అంతకుముందు ఏడేళ్ల యుద్ధంలో (1756–63) ఫ్రాన్సు ఐరోపా నేల మీదా పోరాడవలసి వచ్చింది. అమెరికా పక్షాన దిగిన ఈసారి ఆ బెడద లేదు, డబ్బంతా ఓడలకే పోసింది. 1779లో స్పెయిన్, 1780 చివర్లో డచ్చివాళ్లు కూడా శత్రువులయ్యారు. ముందే ఓడలను సిద్ధం చేద్దామని శాండ్విచ్ మొత్తుకుంటే, ఖర్చుకు జంకి వాయిదా వేసింది ప్రధాని నార్త్. అదీ కాక, శాండ్విచ్ రేవు కార్ఖానాలకు స్వయంగా వెళ్లి తనిఖీ చేసేవాడు. పచ్చికలపతో కట్టిన ఓడలు కుళ్లిపోతున్నాయని కలప నిల్వలు పెంచాడు. 1779 నుంచి ఓడల అడుగుకు రాగి రేకులు తొడిగించాడు. నాచు, నత్తగుల్లలు పట్టని ఓడ వేగంగా సాగుతుంది, మాటిమాటికీ రేవుకు రానక్కర్లేదు.

తీరవాసి: 1763లో ప్రభుత్వ విమర్శకుడు విల్క్స్ రాసిన బూతు పద్యాన్ని ప్రభువుల సభలో చదివి నీతులు చెప్పింది ఈయనే కదా! సొంత జీవితంలో ఆయనేమీ శ్రీరామచంద్రుడు కాదు.

లంగరు: కాదు. కానీ కలప నిల్వలకూ దానికీ ఏం సంబంధం?

పాతపటం: రాగి రేకుల సంగతి ఒప్పుకుంటాను. మరి 1778 ఏప్రిల్‌లో ఫ్రెంచి నౌకాధిపతి దెస్తాంగ్ తమ మధ్యధరా రేవు టూలాన్ నుంచి అమెరికాకు వెళ్తుంటే ఎవరు అడ్డుకున్నారు? బ్రిటిష్ అడ్మిరల్ కెప్పెల్ గొడవ మాటేమిటి? 1778లో ఫ్రెంచివాళ్లతో ఉషాంత్ యుద్ధాన్ని కెప్పెల్ తేలకుండా ముగిస్తే, శాండ్విచ్ నౌకాదళ మండలి సభ్యుడైన పాలిసర్ అతని మీద నేరం మోపాడు. 1779 ఫిబ్రవరిలో కెప్పెల్ నిర్దోషిగా తేలాక లండన్ వీధుల్లో సంబరాలు. నౌకాదళం రెండు ముఠాలైంది.

లంగరు: దెస్తాంగ్‌ను ఆపడానికి ఓడలు పంపి సొంత తీరం కాపలా తగ్గించవద్దన్నది శాండ్విచ్ వాదన. 1779 ఆగస్టులో ఫ్రెంచి, స్పానిషు యుద్ధనౌకలు 60కి పైగా ఇంగ్లండు రేవు ప్లిమత్ ముందుకు వచ్చినప్పుడు ఆ భయం ఎంత నిజమో తేలింది. కాపలా ఉన్న బ్రిటిష్ అడ్మిరల్ హార్డీ దగ్గర 40 కూడా లేవు. శత్రువుల ఓడల్లో రోగాలు ప్రబలడంతో గండం గడిచింది. ఇంకో ముచ్చట. 1782 మార్చిలో నార్త్ ప్రభుత్వం పడిపోయింది, శాండ్విచ్ కూర్చున్న అడ్మిరల్టీ (నౌకాదళ శాఖ) కుర్చీ కెప్పెల్‌కే దక్కింది. ఏప్రిల్ 12న కరీబియన్ సముద్రంలోని సెయింట్స్ దీవుల దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ రోడ్నీ గెలిచి ఫ్రెంచి సేనాని ద గ్రాస్‌నే పట్టుకున్నాడు. ఆ వార్త లండన్ చేరేలోగా కొత్త ప్రభుత్వం రోడ్నీని వెనక్కి పిలిచేసింది! అతన్ని అక్కడికి పంపింది శాండ్విచ్, పొగడ్తలు అందుకున్నది ఇంకొకరు.

పాతపటం: రోడ్నీ విషయంలో మీదే పైచేయి. టూలాన్‌ను మాత్రం నేను వదలను.