సమస్య: "దీప మార్పి చూడఁ దెలివి గలిగె"

సమస్య ఇచ్చినవారు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (రెండు మూడు అక్షరాల చిన్న గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) దీ–దె. దీపం ఆర్పితే చీకటి రావాలి గానీ తెలివి ఎలా వస్తుంది? అదే చిక్కు. తెలివి అంటే మనకు స్పృహా ఉంది, జ్ఞానమూ ఉంది. దేహం, ఆత్మ, తర్కం, ఎటు నుంచి వచ్చినా సరే. క్రమాలంకారం (ప్రశ్నలు వేసి జవాబులు అదే వరుసలో పేర్చడం) లాంటి అడ్డదారులు వద్దు.

డాక్టరు గారి పూరణ:

మూసి యున్న గదిని ముసురఁగాఁ బొగ, సోలి
నేలఁ బడిన తాత నెత్తి తెచ్చి
తలుపు తెఱచి గాలి దగిలెడు నట్లుగా
దీప మార్పి చూడఁ దెలివి గలిగె.

మూసిన గదిలో నూనె సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా ఉండవు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

సమస్య ఇచ్చినవారు: విషయం బాగుంది డాక్టరు గారూ. రెండో పాదంలో యతి తప్పింది. "తాతను + ఎత్తి" కలిసి "తాత నెత్తి" అయింది. అక్కడున్నది అచ్చు ఎ, దానికి "నే" చెల్లదు. సవరించండి.

ఫిజిక్స్ మాస్టారి పూరణ:

మేడ మీఁది దివ్వె మింటిని గప్పఁగా
చుక్క లేవి యనుచు సుతుఁ డడుగఁగ
వేచి కొంత సేపు వినువీథి కెదురుగా
దీప మార్పి చూడఁ దెలివి గలిగె.

ఒక సభ్యురాలు: మాస్టారూ, ముందు ఆర్పి తరువాత కదా వేచి ఉండాలి?

మాస్టారు: నిజమేనమ్మా. "దీపమార్పి, కొంతసేపు వేచి, చూడ" అని అన్వయించుకోవాలి. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి అరగంట దాకా పడుతుంది. పిల్లలు రెండు నిమిషాలకే "ఏమీ లేవు" అని దిగిపోతారు. హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల దూరదర్శిని ఉన్నా, చుట్టూ చీకటి ఉంటేనే దానికి చూపు.

అదే సభ్యురాలి పూరణ:

అర్కుఁ డణఁగెఁ జంద్రుఁ డణఁగె నగ్నియు నాఱె
మాట సైత మాఁగె మనుజున కిఁక
వెలుఁగు నిచ్చు నేది? వెదకి లోలోపల
దీప మార్పి చూడఁ దెలివి గలిగె.

బృహదారణ్యక ఉపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడిగిన ప్రశ్న ఇది. అన్నీ పోయాక మనిషికి ఏది వెలుగు అంటే, ఆత్మే అంటాడు ఋషి.

మాస్టారు: నిప్పు ఆరిందని మొదటి పాదంలోనే అన్నారు. ఆర్పడానికి ఇంకా ఏ దీపం మిగిలిందమ్మా?

సభ్యురాలు: "నాకు తెలుసు" అనే దీపం, మాస్టారూ. మిగతావి వాటంతట అవే అణిగాయి, ఆరాయి, ఆగాయి. ఇదొక్కటే మనం ఆర్పాలి.

సమస్య ఇచ్చినవారు: నాకు అన్నిటికంటే నచ్చింది ఈ జవాబే. క్రియాపదంలోనే వేదాంతం ఉంది. పైగా "చంద్రుఁడు + అణఁగె"లోని అచ్చుకు "అర్కుఁడు" సరిగ్గా కుదిరింది. డాక్టరు గారూ, నేను చెప్పిన నియమం ఇదే, చూడండి.

డాక్టరు గారు: చూశానండీ. "నేలఁ బడిన తాత నెమ్మి నెత్తి" అంటే? నెమ్మి అంటే ప్రేమ కదా.

సమస్య ఇచ్చినవారు: యతి చెల్లింది, పద్యానికి ప్రాణం వచ్చింది. "తెచ్చి" పోయినా లోటు లేదు.

డాక్టరు గారు: అప్పుడు నేను ఎనిమిదో తరగతి. తాతను ఎత్తింది అమ్మ. నేను దీపం దగ్గరే నిలబడిపోయాను, ఊదింది కూడా అమ్మే.